మాటలు మింగేసిన కేబుల్

నిన్న రాత్రి ఆరుబయట సినిమా వేశాం. 70 మంది దాకా వచ్చారు. చివరి వరసలో కూర్చున్న పెద్దాయనకు కూడా ప్రతి మాటా వినబడిందట, వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని చెప్పారు. కానీ మొన్న సాయంత్రం ట్రయల్‌లో జరిగింది వేరే. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

ప్రొజెక్టర్, తెర ఒక్క పూటలో కుదిరిపోయాయి. నెప్పంతా సౌండ్ దగ్గరే. సామాను అద్దెకిచ్చే ఆయన నోట మొదట వచ్చిన మాట "వెయ్యి వాట్లు సార్, అదిరిపోద్ది". అది పీక్ లెక్క, అంటే క్షణంపాటు మాత్రమే అందే గరిష్ఠం. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్ ఎంత అని అడిగితే మాట దాటేశాడు. మీరు మాత్రం వదలకండి, ఆర్‌ఎంఎస్ అంకె చెప్పేదాకా అడగండి. అసలు వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత). స్పీకర్‌కి రెట్టింపు దూరం వెళ్తే మాత్రం 6 డెసిబెల్స్ పడిపోతాయి. ఆరుబయట ఆ శబ్దాన్ని తిప్పి కొట్టడానికి గోడలు కూడా ఉండవు. సబ్‌వూఫర్, అంటే దడదడలాడే లోతైన శబ్దాల కోసం పెట్టే స్పీకర్, అంటగట్టాలని చాలా చూశాడు, నేను ఒప్పుకోలేదు. సినిమాకి ముందు కావాల్సింది మాట. 12 అంగుళాల యాక్టివ్ స్పీకర్లు రెండు, స్టాండ్లు, వచ్చే శబ్దాలని సర్ది స్పీకర్లకి పంపే చిన్న ఆడియో మిక్సర్ తీసుకున్నాను. యాక్టివ్ అయితే ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, మోసే పెట్టె ఒకటి తగ్గుతుంది.

లాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి కేబుల్ ఆయనే ఇచ్చి, ఆయనే గుచ్చాడు. టైటిల్స్ మ్యూజిక్ బాగానే వచ్చింది. తర్వాత ఇద్దరు మాట్లాడుకునే సీన్. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. వెనక వాన చప్పుడు మాత్రం శుభ్రంగా వినబడుతోంది. వాల్యూమ్ పెంచితే వానే పెరిగింది. చూడ్డానికి వచ్చిన పదిహేను మంది ముందు ఆయన, "మీ ఫైలే పాడు సార్, దొంగ ప్రింట్ అయ్యుంటది" అన్నాడు. హక్కులున్నవాళ్లకి ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని తెచ్చిన ఫైల్ అది! ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు 5.1 మీద, అంటే శబ్దాన్ని ఆరు ఛానెళ్లుగా విడదీసే సరౌండ్ సౌండ్ మీద అనుమానం వచ్చింది. అందులో డైలాగులు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి, అది రాకపోతే మాటలు పోతాయి. ప్లేయర్‌ని ఎడమ, కుడి రెండే ఛానెళ్లుండే స్టీరియోకి మార్చాను, తేడా లేదు. లాప్‌టాప్‌కే ఇయర్‌ఫోన్స్ పెట్టి విన్నాను, ప్రతి మాటా స్పష్టంగా ఉంది. అంటే తప్పు ఫైల్‌ది కాదు. రెండు గంటలు కుస్తీ పట్టాక, లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్‌ని పూర్తిగా ఎడమకి లాగాను. ఒక్కసారిగా మాటలు బయటికొచ్చాయి!

అప్పుడు జాక్ పీకి చూశాను. మిక్సర్ వైపు లావు పిన్ను మీద నల్ల గీతలు రెండు. అంటే ఆ ఒక్క పిన్నులోనే రెండు సిగ్నల్ తీగలు; ఎడమ, కుడి రెండూ ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లోకి పోతున్నాయి. ఆ ఇన్‌పుట్ ఒక తీగలో వచ్చేదాన్ని రెండో తీగలోంచి తీసివేస్తుంది. దారిలో రెండిటికీ సమానంగా అంటుకున్న గుంయ్‌మనే మోత పోవడానికి పెట్టిన ఏర్పాటు అది. డైలాగులు ఎడమలోనూ కుడిలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి అవీ తీసివేతలో సున్నా అయిపోయాయి. రెండు వైపులా వేర్వేరుగా ఉన్న వాన, మ్యూజిక్ మిగిలాయి.

కావాల్సిన కేబుల్ వేరు. ఒక కొసన లాప్‌టాప్‌కి పెట్టే సన్న పిన్ను, రెండో కొసన ఒక్కో గీత ఉన్న లావు పిన్నులు రెండు, మిక్సర్‌లో రెండు వేర్వేరు ఛానెళ్లకి. నిన్న పొద్దున కొనుక్కొచ్చి నేనే గుచ్చాను. ఎన్నో ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న ఆయనకి దొరకని తప్పుని నేను పట్టుకున్నానన్న గర్వం నాకుంది, దాచుకోను. తెలియదు అనడం తప్పు కాదు. తెలియక, అవతలివాణ్ణి నలుగురిలో దొంగని చెయ్యడం తప్పు.

బ్లూటూత్ జోలికి పోకండి, పెదాలు ముందు, మాట వెనక అవుతుంది. స్పీకర్లు నేల మీద పెట్టకండి, ముందు వరస వాళ్ల తలలే శబ్దాన్ని ఆపేస్తాయి. స్టాండ్ మీద తలలకన్నా ఎత్తులో పెట్టి, చివరి వరస వైపు తిప్పండి.

ఇవాళ ఆయన సామాను తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆ కేబుల్‌కి తెల్ల టేపు చుట్టి, దాని మీద "లాప్‌టాప్‌కి వాడొద్దు" అని పెన్నుతో రాసి చేతిలో పెట్టాను. చదివి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు.