ముందు ఆగడం, తర్వాతే పరుగు: మా 66 మస్టాంగ్‌తో తొలి ట్రాక్ డే

మా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నప్పుడు నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కితే బ్రేకులకి ఫ్లూయిడ్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా ఒకే గదిది. ఎక్కడ లీకైనా మొత్తం బ్రేకులన్నీ పోయినట్టే. అందుకే రేసు ట్రాక్ మీద నడిపే ముందు, 289 వీ8 ఇంజిన్ జోలికి పోకుండా, ముందు చక్రాలకి డిస్కులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయించాను. ముందు చక్రాలను పైనుంచి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లను అంగుళం కిందికి దించాం. మస్టాంగ్‌ని రేసులకి మలచిన షెల్బీ, 1965 జీటీ350లో చేసిన పనే ఇది. మలుపులో బండి ఒరిగినా బయటి టైరు నేలకి ఇంకాస్త బల్లపరుపుగా ఆనుతుంది.

ట్రాక్ ఉత్తర కాలిఫోర్నియాలో, విల్లోస్ దగ్గరి థండర్‌హిల్. మూడు మైళ్లు, 15 మలుపులు. మా పిన్ని కొడుకుని వెంటబెట్టుకుని బే ఏరియా నుంచి చీకటితోనే బయల్దేరాను. తనిఖీలో చక్రాల నట్లు, బ్రేకు లైట్లు, థ్రాటిల్ స్ప్రింగు, కారు రేసులకి పనికొచ్చేదని చెప్పే హెల్మెట్ మీది ఎస్‌ఏ ముద్ర, అన్నీ చూశారు. బ్యాటరీ చేత్తో ఊపితే కదిలిందని వెనక్కి పంపారు. క్లాంపు బిగించి మళ్లీ వరసలో నిలబడ్డాను. అంత పట్టుగా చూడటం నాకు ధైర్యాన్నిచ్చింది.

తొలి ఇరవై నిమిషాలు పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. అయిదో మలుపు దగ్గర గుట్ట ఎక్కుతుంటే ముందు ఆకాశమే కనిపిస్తుంది, రోడ్డు కనపడదు. ఎటు తిప్పాలో ఆయన చెబుతుంటే తిప్పాను.

రెండోసారి ట్రాక్ మీదికి దిగాక 14వ మలుపు ముందు పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి దిగిపోయింది. గుండె గొంతులోకొచ్చింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే పట్టింది. చెయ్యి పైకెత్తి, మెల్లగా ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్‌లోకి తెచ్చేశాను.

తప్పు నాదే. లోపల ఉన్నది మామూలు డాట్ 3 రకం బ్రేకు ఫ్లూయిడ్, రోడ్డు మీదికి సరిపోయేది. ఇక్కడి వేడికి మరిగి ఆవిరి బుడగలు కట్టింది. ద్రవంలా ఆవిరి ఒత్తిడిని అందించదు, నలిగిపోతుంది. పక్క గరాజ్ ఆయన, ఇంకా ఎక్కువ వేడిని తట్టుకునే రేసింగ్ డాట్ 4 సీసా, సీలు తీయనిది, ఇచ్చాడు. చల్లారాక, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక కుడి చక్రంతో మొదలుపెట్టాం. తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకుంటే, నేను చక్రం దగ్గర బ్రేకు మీదున్న చిన్న నట్టు వదులు చేసి, పాత ఫ్లూయిడ్‌ని బుడగలతో సహా బయటికి వదిలాను.

“తొక్కి పట్టు... ఆఁ, వదలకు!”

“పట్టానన్నా, నట్టు బిగించావా?”

“బిగించా. ఇప్పుడు వదులు.”

ముందు చక్రాలకి వచ్చేసరికి పారదర్శకమైన గొట్టంలో టీ రంగు ఫ్లూయిడ్, దాని మధ్యన గోళీసోడాలోలా బుడగలు. అవి ఆగి, లేత పసుపు ధార వచ్చేదాకా సీసా మొత్తం ఒంపేశాం.

మూడోసారి 14 దగ్గర పెడల్ రాయిలా నిలబడింది. ఆఖరి రౌండు బ్రేకు తాకకుండా మెల్లగా తిప్పి, డిస్కులు చల్లారనిచ్చాను. బ్రేకులు ఇంకా వేడిగానే ఉన్నాయని హ్యాండ్ బ్రేకు వేయలేదు. తమ్ముడు చక్రం కింద చెక్కముక్క పెట్టాడు.