కొలిమి ముందు ఒక్క ఫ్లాష్: ఐదు ఆదివారాల లాగ్

మా ఊరి చివర రేకుల షెడ్డులో కమ్మరి తాత కొలిమి ఉంది. నేను కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తాను, ఆదివారాలు ఊరికి పోతాను. చిన్నప్పుడు మా బాపుతో కలిసి కొడవలికి కక్కు పెట్టించడానికి అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు తాతకు డెబ్భై దాటాయి. పొద్దుమూకే వేళ ఆ షెడ్డులోకి అడుగుపెడితే ముందు నిప్పు కనబడుతుంది, తర్వాత ఆయన చేతులు, ఆ తర్వాతే ముఖం. ఆ వరుస నాకు ఫోటోలో కావాలి. చుట్టూ చిక్కటి నలుపు, అందులోంచి చెమటతో మెరిసే చర్మం, ఎర్రగా కాలిన ఇనుము.

నా దగ్గరున్నవి నికాన్ డి5600, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్, గోడాక్స్ టీటీ600 ఫ్లాష్ ఒకటి, దాన్ని దూరం నుంచి వెలిగించే ఎక్స్2టీ ట్రిగ్గర్, ఒక లైట్ స్టాండ్, ట్రైపాడ్. రెండో ఫ్లాష్ కొనకుండా ఇదంతా చేయాలని ముందే అనుకున్నాను.

మొదటి ఆదివారం

ఫ్లాష్‌ను కెమెరా మీదే పెట్టి తీశాను. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600, అపర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్ 4, షట్టర్ 1/60 సెకను. ముఖం చదునుగా, పాస్‌పోర్టు ఫోటోలా వచ్చింది. వెనక గోడ మీద వేలాడే సైకిల్ ట్యూబు, క్యాలెండరు అన్నీ తాత ముఖమంత వెలుగులో ఉన్నాయి. నిప్పు పాలిపోయింది.

ఇంటికొచ్చి లైట్‌రూమ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాస్ట్ 60, క్లారిటీ 70 దాకా లాగాను. కంప్యూటర్‌లో చూసినప్పుడు బాగానే ఉందనిపించింది. మర్నాడు చూస్తే భుజాల చుట్టూ తెల్లటి అంచు, చర్మం మీద మసి. ఫోన్‌లో తాతకు చూపించాను.

"గిదేంది బిడ్డా, బూడిద పూసినట్టున్నది" అన్నాడు.

ఆయన అన్నది నిజం. క్లారిటీ చేసేది మధ్యస్థాయి టోన్లలో అంచుల దగ్గర తేడా పెంచడం. వెలుతురు ముందు నుంచే పడితే ఫైల్‌లో నీడ అనేదే ఉండదు. లేని నీడను స్లైడర్ పుట్టించలేదు, చర్మం మీద ఉన్న ప్రతి మచ్చనూ నీడ అనుకుని నల్లగా చేస్తుంది. నలుపు కావాలంటే షెడ్డులోనే నలుపు ఉండాలి.

రెండో ఆదివారం

ఈసారి ఫ్లాష్ ముట్టుకోలేదు. పొద్దున పదకొండుకు వెళ్ళి, ఫ్లాష్ లేకుండా ఫ్రేమ్‌ను నల్లగా మార్చడం ఒక్కటే పని. ఈ కెమెరాలో ఫ్లాష్‌తో వాడగలిగే అత్యధిక షట్టర్ వేగం 1/200. అది దాటితే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, అంతకన్నా వేగంతో ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్ ఈ కెమెరాలో లేదు. కాబట్టి 1/200, ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6. షెడ్డు లోపలంతా దాదాపు నల్లగానే వచ్చింది. తలుపు మాత్రం తెల్లటి పలకలా మండిపోతోంది. ఎండలో ఉన్న వస్తువుకు ఐఎస్ఓ 100, 1/200 దగ్గర సుమారు ఎఫ్ 11 కావాలి. నేను ఎఫ్ 5.6 దగ్గరున్నాను, అంటే బయట రెండు స్టాప్‌లు ఎక్కువ (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు). రేకులకు పడ్డ మేకుల రంధ్రాల్లోంచి దిగే ఎండ చుక్కలు అదనం.

తలుపు మూసేద్దామా అని అడిగాను. "తలుపేస్తె పొగకు తల తిరుగుతది, ఆడ వెయ్యరాదు" అన్నాడు తాత, గట్టిగానే. బొగ్గు మండేచోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఇలాంటి ఫోటోలు తీయాలనుకునేవాళ్ళు దయచేసి కొలిమి ఉన్న గదిని ఎప్పుడూ మూయకండి. మనమే వేళ మార్చుకోవాలి. సాయంత్రం ఆరున్నర తర్వాత రమ్మన్నాడు, వేడి కూడా తగ్గుతుందని.

మూడో ఆదివారం

నేను ఎక్కువ నేర్చుకున్నది ఈ రోజే.

పొద్దు గుంకింది, పైన ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఆర్పేశాం. ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్ 8. ఫ్లాష్ లేకుండా తీస్తే నిప్పు దగ్గర చిన్న ఎర్రటి ముద్ద తప్ప ఏమీ లేదు. దాన్ని చూస్తే చాలా సంతోషమేసింది. ఇక నేను పెట్టిన వెలుతురే ఫోటోలో ఉంటుంది.

ఫ్లాష్‌ను స్టాండ్‌కు బిగించి తాతకు ఎడమ పక్కన, తలకన్నా జానెడు ఎత్తులో, ఆయనకు రెండు మీటర్ల దూరంలో పెట్టాను. ముఖం బాగుంది, కానీ వెనక గోడ మళ్ళీ బూడిద రంగులో తేలింది. టేపు పెట్టి కొలిచాను. ఫ్లాష్ నుంచి ముఖానికి 2 మీటర్లు, గోడకు 3.8. దూరం దాదాపు రెట్టింపు కాబట్టి గోడకు ముఖం మీద పడినదాంట్లో నాలుగో వంతు వెలుగు చేరుతోంది. అంటే రెండు స్టాప్‌ల తేడా మాత్రమే. గోడ స్పష్టంగా కనిపించడానికి అది చాలు.

స్టాండ్‌ను లాక్కొచ్చి ముఖానికి 60 సెంటీమీటర్ల దగ్గర పెట్టాను. ఇప్పుడు గోడ ఫ్లాష్‌కు 2.4 మీటర్లు, అంటే నాలుగు రెట్లు. వెలుగు పదహారో వంతుకు పడిపోయింది, నాలుగు స్టాప్‌లు. గోడను ఏమీ చేయలేదు, నల్లరంగు వేయలేదు, గుడ్డ కట్టలేదు. ఫ్లాష్‌ను దగ్గరికి జరిపితే గోడ దానంతటదే మాయమైంది. పుస్తకంలో ఈ సూత్రం చదివిందే, కానీ సైకిల్ ట్యూబు కళ్ళ ముందే నలుపులో కలిసిపోతుంటే చూడటం వేరు.

వెలుతురు పక్కలకు చిందకుండా నల్ల చార్టు పేపరును 20 సెంటీమీటర్ల గొట్టంలా చుట్టి ఫ్లాష్ తలకు రబ్బరు బ్యాండ్లతో బిగించాను. ఫ్లాష్ పవర్ ఫుల్‌లో 1/32 వంతు. అంత తక్కువ పవర్‌లో పేపరు వేడెక్కదు. ఫుల్ పవర్‌లో వరసగా కొడితే మాత్రం కాగితం పెట్టకూడదు.

ఇంకో చిక్కు. కుడి చెంప నేననుకున్నంత చీకటిగా లేదు. అటుపక్క గోడకు సున్నం వేసి ఉంది, ఫ్లాష్ వెలుగు దానికి తగిలి వెనక్కి వస్తోంది. ఏం అడ్డం పెట్టాలా అని చూస్తుంటే దండెం మీద తాత నల్ల గొంగడి కనబడింది. కుడిపక్కన, ఫ్రేములో పడకుండా, ముఖానికి అరమీటరు దూరంలో వేలాడదీశాం. నీడ ఒక్కసారిగా చిక్కబడింది. చెంప ఎముక కింద గుంట, మెడ నరాలు, చెవి పక్క నెరిసిన వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. నిప్పురవ్వలు ఎగిరే చోట నైలాన్, పాలిస్టర్ గుడ్డలు కట్టకండి, రవ్వ పడితే కరిగి అంటుకుంటాయి. గొంగడి ఊలు అంత తేలిగ్గా మంట పట్టుకోదు. అయినా కొలిమికి దూరంగానే పెట్టాను.

మెరుపు గురించి ఒక మాట. మొదట తీసిన పది ఫోటోల్లో చర్మం పొడిగా, మట్టిలా ఉంది. అరగంట పని చేశాక చెమట పట్టింది. అప్పుడు పక్క నుంచి వచ్చిన ఫ్లాష్ నుదుటి మీద, ముంజేతి మీద సన్నని తెల్లటి గీతలు గీసింది. నాకు కావలసిన కాంట్రాస్ట్‌లో సగం ఆ చెమటదే. నూనె రాసుకోమని అడగడం నాకిష్టం లేదు. ఆయన పని చేసుకుంటుంటే ఎదురుచూస్తే చాలు.

నాలుగో ఆదివారం

ముఖం వచ్చింది, నిప్పు పోయింది. 1/200 దగ్గర కొలిమి చల్లారినట్టుంది. ఈ వారం ఆ రెంటినీ కలపాలి.

ఫ్లాష్ వెలుగుకు షట్టర్‌తో సంబంధం లేదు. అది సెకనులో కొన్ని వేల వంతు సేపు మాత్రమే వెలిగి ఆరిపోతుంది, 1/200 పెట్టినా 1/30 పెట్టినా ముఖం మీద అంతే పడుతుంది. నిప్పు మాత్రం షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటే అంత పోగవుతుంది. అందుకే నిప్పుకు షట్టర్, ముఖానికి ఫ్లాష్ పవర్ అని పంచుకున్నాను. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి 1/125, 1/60, 1/30, 1/15 వరసగా తీశాను. 1/60 దగ్గర నిప్పు కనబడింది, 1/30 దగ్గర వేడి కనబడింది. 1/15లో తాత భుజం అంచుల్లో జంట గీతలొచ్చాయి. 1/30 ఖాయం చేసుకున్నాను. ఐఎస్ఓ 200కు, అపర్చర్ ఎఫ్ 5.6కు మార్చాను.

సుత్తి ఎత్తడానికి చోటు కావాలి కాబట్టి ఫ్లాష్‌ను మీటరు దూరానికి జరిపాను. గొంగడి తీసేశాం, ఎందుకంటే ఇప్పుడు కుడి చెంపను కొలిమే కింద నుంచి వెలిగిస్తోంది. ఎడమ పక్కన ఫ్లాష్, కుడి పక్కన నిప్పు. రెండో ఫ్లాష్ అక్కర లేదన్న నమ్మకం అప్పుడు కుదిరింది.

రంగు కుదరలేదు. ఫ్లాష్ సుమారు 5600 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ ఎరుపు), పగటి తెలుపు. కొలిమి నిప్పు దానికన్నా ఎంతో ఎరుపు. ఒకే ముఖం మీద సగం నీలం, సగం నారింజ. ముందు గిఫ్టు ప్యాకింగ్ కాగితం కట్టి చూశాను, పచ్చగా తేడా కొట్టింది. అసలైన నారింజ కరెక్షన్ జెల్ (వెలుగు రంగు మార్చే పారదర్శక షీటు) ముక్క తెప్పించుకుని ఫ్లాష్ ముందు అంటించాక వెలుగు 3200 దగ్గరికొచ్చింది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగును తెలుపుగా చూడాలో చెప్పే సెట్టింగు) 4000 పెట్టాను. ఫ్లాష్ వైపు చర్మం కొద్దిగా వెచ్చగా, నిప్పు వైపు ఇంకా ఎర్రగా, రెండూ ఒకే చోటివన్నట్టు కలిశాయి. దూరం పెరగడం వల్ల స్టాపున్నర, జెల్ మింగడం వల్ల స్టాపులో మూడింట రెండు వంతులు పోయాయి. అటు ఐఎస్ఓ, అపర్చర్ వల్ల రెండు స్టాప్‌లు కలిసొచ్చాయి. లెక్క తేలేసరికి ఫ్లాష్ పవర్ మళ్ళీ 1/32 దగ్గరే నిలిచింది.

దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) మీద ఎర్రటి నాగలి కర్రు. పట్టకారుతో పట్టుకుని తాత సుత్తి ఎత్తాడు, దెబ్బ పడ్డ క్షణం నొక్కాను. సుత్తి ఫ్లాష్‌కు దొరికి కదలకుండా నిలబడింది. ఎగిరిన చిట్టెం రవ్వలు 1/30 సేపు ప్రయాణించి సన్నని బంగారు గీతలయ్యాయి. అరవై ఫోటోల్లో అలా కుదిరినవి రెండు.

ఐదో ఆదివారం, ఆ వారం రాత్రులు

ఎడిటింగ్. ఫైలు 14 బిట్ రా, అంటే కెమెరా తన ఎడిటింగ్ చేయకుండా ఉంచిన సెన్సర్ డేటా. ఈసారి స్లైడర్లతో పెద్దగా పని పడలేదు. హైలైట్స్ మైనస్ 40 నిప్పు మధ్యలో రంగు నిలవడానికి, బ్లాక్స్ మైనస్ 15, షాడోస్ ప్లస్ 10. టోన్ కర్వ్‌లో చిన్న ఎస్ ఆకారం. క్లారిటీ మొత్తం ఫోటోకు ఇవ్వనే లేదు. మాస్క్ గీసి చేతులకూ ఇనుముకూ మాత్రం టెక్స్చర్ 25 ఇచ్చాను. ముఖానికి సున్నా. వయసు మళ్ళిన ముఖం మీద ముడతలు పక్కవెలుగులో ఎలాగూ కనబడతాయి, వాటిని ఇంకా కోసినట్టు చూపించడం తప్పని నా అభిప్రాయం.

తర్వాత గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో డాడ్జ్, బర్న్, అంటే కొన్ని చోట్ల వెలుగు పెంచడం, కొన్ని చోట్ల తగ్గించడం. కొత్త లేయర్‌ను 50 శాతం బూడిద రంగుతో నింపి, మోడ్ సాఫ్ట్ లైట్ పెట్టాను. మెత్తని బ్రష్, ఒపాసిటీ 6 శాతం. తెలుపుతో గీస్తే వెలుగు పెరుగుతుంది, నలుపుతో గీస్తే తగ్గుతుంది. చెమట గీతల మీద తెలుపు, చొక్కా మీద, వెనక పనిముట్ల మీద, దాగలి మొద్దు మీద నలుపు. ఆరు శాతం కాబట్టి ఒక్కో గీత కంటికి ఆనదు. ఇరవై నిమిషాలకోసారి లేచి తిరిగొచ్చి చూస్తేనే ఎక్కడ ఎక్కువైందో తెలుస్తుంది. రెండు రాత్రులు పట్టింది.

నలుపు తెలుపులోకి కూడా మార్చి చూశాను. ముఖం అద్భుతంగా ఉంది, కానీ నిప్పు తెల్లటి మచ్చగా మిగిలింది. వేడి పోయింది. రంగులోనే ఉంచాను.

12×18 అంగుళాల ప్రింట్ వేయించాను. 6000×4000 పిక్సెళ్ళ ఫైలు కాబట్టి అంగుళానికి 333 చుక్కలు వస్తాయి, ఆ సైజుకు ధారాళం. మొదటి ప్రింట్ స్క్రీన్ మీద చూసినదానికన్నా బాగా చీకటిగా వచ్చింది. కారణం నా మానిటర్, బ్రైట్‌నెస్ ఎప్పుడూ నిండుగా పెట్టి పని చేస్తున్నాను. సగానికి తగ్గించి చూస్తే స్క్రీన్ మీద కూడా అదే చీకటి. మధ్య టోన్లు అర స్టాపు లేపి, పూర్తి నలుపును (0 నుంచి 255 కొలతలో) సున్నా దగ్గర కాక 8 దగ్గర ఆపి, మ్యాట్ పేపరు మీద మళ్ళీ వేయించాను.

దాన్ని తీసుకెళ్ళి తాతకిచ్చాను. చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు, గడప దగ్గరి వెలుగులోకి పోయి నిలబడ్డాడు. ముఖం వైపు ఎక్కువసేపు చూడలేదు. వేలితో కింది ఎడమ మూల చూపించాడు.

"గీడ దాగలి అంచు కనవడుతలేదు."

"అది నేనే నల్లగ చేసిన తాతా, చూపు చేతుల మీదికి పోవాలని."

"ఆ అంచుకు సొట్ట ఉంటది బిడ్డా. మా నాయన కొట్టిన దెబ్బలకు వడ్డది. నేను ఇనుము వంచేది ఆ సొట్టలనే."

అప్పుడు పోయి దాగలిని దగ్గరగా చూశాను. అంచు మీద బొటనవేలు పట్టేంత నునుపైన గుంట ఉంది, అరిగి అరిగి వెండిలా మెరుస్తోంది. ఐదు వారాలు దాని పక్కనే స్టాండు పెట్టి కూడా గమనించలేదు. కర్రును ఆ గుంటలో ఆనించి వంచి చూపించాడు, సరిగ్గా నా ఫోటోలో ఉన్న దెబ్బే అది.

రాత్రి ఫైలు తెరిచాను. అదృష్టం, బర్న్ అంతా వేరే లేయర్‌లో ఉంది. దాగలి అంచు వరకు నా నలుపు గీతలు చెరిపేసి, సొట్ట మీద 6 శాతం తెలుపుతో నాలుగు గీతలు గీశాను. రా ఫైల్‌లో ఆ మెరుపు మొదటి నుంచీ ఉంది, ఫ్లాష్ వెలుగు దాని మీద చక్కగా పడింది. మూడో ప్రింట్ శుక్రవారం వచ్చింది. ఆదివారం పొద్దున తాతకిస్తాను. సాయంత్రం ఫ్లాష్‌ను ఈసారి దాగలికి వెనక, మోకాలెత్తులో పెట్టి ఆ సొట్టను ఒక్కదాన్నే తీస్తాను.