మైకు ముందు గాంధీజీ

మన నాయకులు జనంతో ఎలా మాట్లాడేవారో చెప్పే పిల్లల పుస్తకం ఒకటి మా పాపతో కలిసి చదివాను. పత్రిక, రేడియో, టీవీ, ఫోన్, ఇలా వరసగా బొమ్మలు. టీవీ, ఫోన్ పేజీలు గబగబా తిప్పేసింది. గాంధీజీ బొమ్మ దగ్గర మాత్రం ఆగి, "ఒక్కరే కూర్చున్నారేంటమ్మా, జనం ఏరి?" అంది.

1947 నవంబర్ 12, దీపావళి రోజు అది. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకున్న వాళ్ల దగ్గరికి ఆయన వెళ్లలేకపోయారు. అందుకే ఢిల్లీ రేడియో స్టేషన్‌కి వచ్చి మాట్లాడారు. ఆయన అక్కడ అడుగుపెట్టింది ఆ ఒక్కసారే. 1903 నుంచీ పత్రికల్ని నమ్ముకున్న మనిషి, కనిపించని జనంతో మాట్లాడటం ఎంత కొత్తగా అనిపించి ఉంటుందో!

ఒక్కటే నాకు బాధ. ఆ పుస్తకంలో ఉషా మెహతా లేరు. 1942లో పెద్ద నాయకులంతా జైల్లో ఉంటే, బొంబాయిలో 22 ఏళ్ల ఆ అమ్మాయి స్నేహితులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. పోలీసులకి దొరక్కుండా ట్రాన్స్‌మిటర్‌ని చోటు నుంచి చోటుకి మారుస్తూ దాదాపు మూడు నెలలు నెట్టుకొచ్చారు. ఆవిడ పట్టుబడింది కూడా నవంబర్ 12నే. నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. పిల్లల పుస్తకంలో ఆవిడకి ఒక పేజీ కచ్చితంగా ఉండాలి.

పోలీసులకి సమాచారం ఇచ్చింది వాళ్ల టెక్నీషియనే అని చెబితే, మా పాపకి ఇంకా కోపం తగ్గలేదు.