రెండు రెళ్ళు నాలుగు, సున్నా కాదు

పొద్దున్నే లెక్క ముందేసుకుని కూర్చున్నా. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మేడ మీద గది. ఫ్యాన్ తిరుగుతున్నా ఉక్కే, కాగితం మోచేతికి అంటుకుపోతోంది.

చూడ్డానికి చిన్న లెక్కే. ఒక రింగ్‌లో, అంటే కూడిక, తీసివేత, గుణకారం కుదిరే సంఖ్యల గుంపులో, ఎక్స్, వైల లబ్ధం సున్నా అయినప్పుడు మాత్రమే ఎఫ్(ఎక్స్+వై) = ఎఫ్(ఎక్స్)+ఎఫ్(వై) కావాలి; అలాంటి ఫంక్షన్ ఎఫ్ ఏదో కనుక్కోవాలి. 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ పుస్తకంలో ఈ సమీకరణానికి ఇలాంటి షరతు లేదు, ఏ రెండు సంఖ్యలకైనా చెల్లాలి. నేను మాడ్యులో 6 తీసుకున్నా: 0 నుంచి 5 దాకా అంకెలు, ఆరొస్తే మళ్ళీ సున్నా, ఏడొస్తే ఒకటి, పన్నెండొస్తే మళ్ళీ సున్నా. ఎఫ్ విలువలేమో వాస్తవ సంఖ్యలు. పదిన్నరకల్లా ఎఫ్ అంతటా సున్నాయేనని రుజువు చేసేసి, కింద రెండు గీతలు కూడా కొట్టా. "ఇడ్లీ చల్లారిపోతంది, ఏట్రా ఆ రాత?" అని అమ్మ రెండోసారి కేకేస్తే అప్పుడు దిగా.

సాయంత్రం బీచ్ రోడ్డులో, సబ్‌మెరైన్ ఎదురుగా, మురీ మిక్చర్ తింటూ మా వాడికి కాగితం ఇచ్చా. వాడు నాలుగో లైను దగ్గర ఆగాడు.

"ఎఫ్(4) అంటే రెండు ఎఫ్(2)లని రాశావు. ఎలాగరా?"

"2+2 నాలుగే కదా."

"రెండు రెళ్ళు?"

"నాలుగు."

"మరి సున్నా అవ్వాలి కదా."

పచ్చిమిర్చి ముక్క పంటికింద పడిందో, సిగ్గేసిందో, కళ్ళు మండాయి.

అక్కడే గోడ మీద కూర్చుని మళ్ళీ రాశాం. సున్నా కాని వాటిలో లబ్ధం సున్నా అయ్యే జంటలు రెండే: 2, 3 ఒకటి, 3, 4 ఇంకోటి. ఎఫ్(0) ఎలాగూ సున్నా. ఎఫ్(5) = ఎఫ్(2)+ఎఫ్(3), ఎఫ్(1) = ఎఫ్(3)+ఎఫ్(4). అంతే, ఇంక అడిగేవాడు లేడు. 2, 3, 4 దగ్గర వరసగా 20, 7, మైనస్ 3 అనుకున్నాం. 5 దగ్గర 27, 1 దగ్గర 4 వచ్చాయి. పొద్దున్న నేను 'రుజువు' చేసినదాని ప్రకారం ఇలాంటిది ఉండనే కూడదు! మామూలు పూర్ణాంకాలైతే మరీ అన్యాయం. లబ్ధం సున్నా అంటే రెంట్లో ఒకటి సున్నా అయి తీరాలి, కాబట్టి ఎఫ్(0) సున్నా అని తప్ప సమీకరణం ఇంకేమీ చెప్పదు.

రాత్రి భోంచేశాక మాడ్యులో 12 పట్టుకున్నా. ఆరార్లు ముప్ఫై ఆరు, అంటే సున్నా. ఇక్కడ 6ని దానితోనే కూడుకోవచ్చు: రెండు ఎఫ్(6)లు సున్నా, కాబట్టి ఎఫ్(6) సున్నా. పొద్దున్న రాసి సాయంత్రం కొట్టేసిన నాలుగో లైనే, 2 తీసి 6 పెట్టా.