ఏ జాబితాలోనూ లేని పేరు: ఆంక్షల ఎగవేత తనిఖీలో నా అనుభవం

మా బ్యాంకులో ఆంక్షల ఎగవేత ముప్పును అంచనా వేసే బాధ్యత నాకు అప్పగించేనాటికి, నిషేధిత జాబితాల్లోని పేర్లను సాఫ్ట్‌వేర్ పట్టుకుంటున్నంత కాలం భయం లేదన్న నమ్మకం మా విభాగంలో అందరికీ ఉండేది. అది ఎంత బలహీనమైన నమ్మకమో ఒక్క ఎగుమతి బిల్లుతో తెలిసివచ్చింది.

మా ఖాతాదారు ఒకరు వేరే దేశంలోని కొనుగోలుదారుకు సరుకు పంపుతూ, పత్రాలను వసూలు కోసం మాకు సమర్పించారు. కొనుగోలుదారు, ఓడ, రేవులు, అవతలి బ్యాంకు, వీటిలో దేనికీ అలర్ట్ రాలేదు. ఇన్‌వాయిస్‌లో సరుకును గృహోపకరణాల విడిభాగాలుగా రాశారు, కానీ అదే వరుస చివర ఉన్న హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంతర్జాతీయ సంఖ్య) 8542.31. అది ప్రాసెసర్ చిప్‌ల కోడ్. రష్యా ఆయుధ తయారీకి చేరకూడదని అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్, జపాన్ కలిసి రూపొందించిన 50 కోడ్‌ల జాబితాలో అది అగ్రశ్రేణిలో ఉంది. బట్టలుతికే యంత్రంలోనూ చిప్ ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క ఆధారంతో ఖాతాదారును అనుమానించడం న్యాయం కాదనిపించి, ముందు కొనుగోలుదారు వివరాలు అడిగాను. ఆ కంపెనీ నమోదైంది 2022 ఏప్రిల్‌లో, అంటే ఉక్రెయిన్‌పై దాడి మొదలైన రెండు నెలలకు. అంతకుముందు దాని యజమానులు ఎలక్ట్రానిక్ సరుకుల వ్యాపారం చేసిన దాఖలా లేదు.

వాటాదారుల పట్టిక తెప్పించడానికే తొమ్మిది రోజులు పట్టింది. అందులో ఒకరికి 30 శాతం, మరొకరికి 25 శాతం వాటాలున్నాయి. ఆ రెండు పేర్లూ అమెరికా ఆంక్షల జాబితాలోని పేర్లతో ఒకటి రెండు అక్షరాల తేడాతో కలిశాయి, పుట్టిన తేదీలు మాత్రం అచ్చంగా సరిపోయాయి.

"ఎవరికీ సగం వాటా లేదు కదండీ?" అని నా సహోద్యోగి అడిగారు. ఆ సందేహం చాలామందికి వస్తుంది. ఆంక్షలున్న వారందరి వాటాలను కలిపి లెక్కించాలని అమెరికా ఖజానా శాఖలో ఆంక్షలను అమలు చేసే విభాగమైన ఓఫాక్ 2014లోనే స్పష్టం చేసింది. మొత్తం 50 శాతానికి చేరితే, పేరు ఏ జాబితాలో లేకపోయినా ఆ కంపెనీకి ఆంక్షలు వర్తిస్తాయి. ఇక్కడ మొత్తం 55 శాతం. సొమ్ము డాలర్లలో అమెరికా బ్యాంకు మీదుగా రావలసి ఉంది కాబట్టి ఆ నిబంధనను పక్కన పెట్టే వీలు లేదు.

2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా నేరం అంగీకరించి దాదాపు 900 కోట్ల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడిన కేసులో, ఆంక్షలున్న పక్షాల పేర్లను చెల్లింపు సందేశాల్లో కనబడకుండా చేశారు. మా ముందున్న బిల్లులో దాచవలసిన పేరే లేదు. అందుకే ఈ రకం ఎగవేత నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

పత్రాలను నిలిపివేసి, ఖాతాదారుకు మా అనుమానం తెలియనివ్వకుండా పైఅధికారులకు నివేదించాను. తర్వాత పాత లావాదేవీలు తిరగేస్తే, అదే కొనుగోలుదారు నుంచి అంతకుముందే మూడు చెల్లింపులు వచ్చినట్టు తేలింది. వాటిలో ఒకదానిపై ఆమోదం తెలిపిన సంతకం నాదే. ఆ మూడింటినీ అదే నివేదికలో చేర్చాను. ఆ నెలలోనే మా దరఖాస్తు పత్రంలో కొనుగోలుదారు వాటాదారులకు, హెచ్‌ఎస్ కోడ్‌కు విడివిడిగా గడులు పెట్టించాను. అవి నింపనిదే బిల్లు తనిఖీకి రాదు.