పాపకు నీళ్లు పోసుడు: మా ఇంట్ల ఏం ఉంచినం, ఏం బంద్ చేసినం

నాకు ఏప్రిల్‌ల పాప పుట్టింది, హనుమకొండల తల్లిగారింట్ల ఉన్న అప్పుడు. మా చెల్లెండ్లంత పాపకు ఏం వాడినవ్ అక్కా అని ఒకటే అడుగుడు, అందుకే రాస్తున్న. నిజం చెప్పాలంటే వాడింది తక్కువ, వద్దని ఆపిందే ఎక్కువ.

హాస్పిటల్ల పుట్టంగనే స్నానం చేయించలే. ఒంటిమీద వెన్న లెక్క తెల్లగ ఉంటది చూడుండ్రి, దాన్ని రుద్ది తీయొద్దన్నరు, అది చర్మం ఎండిపోకుండ కాపాడ్తది, పైగా అప్పుడే తడిపితే ఒళ్లు చల్లబడ్తది. 24 గంటలు ఆగుమని డబ్ల్యూహెచ్ఓ కూడ చెప్తది. మా అమ్మమ్మ మాత్రం "మైల పిల్లను గట్లనే పండవెడ్తరా" అని రాత్రంత గొణిగింది.

ఇంటికొచ్చినంక బొడ్డు ఊడేదాక తడిగుడ్డతోని తుడుసుడే. బొడ్డు మీద పసుపు లేదు, నూనె లేదు, బూడిద లేదు, డైపర్ బొడ్డు కిందికి మడిచి పెట్టుడు, అంతే. మామూలుగ ఒకటి రెండు వారాలల్ల అదే ఊడిపోతది. చుట్టూ ఎర్రగ వాచినా, చీము, వాసన వచ్చినా డాక్టర్ కాడికి ఉరుకుడే.

అసలు పంచాయితీ నీళ్లు పోసే అవ్వతోని. మా వాడల పిల్లలందరికి ఆమెనే పోసింది, చెయ్యి మస్తు మంచిది, కాళ్లు చాపి పాపను బోర్లేసుకొని వీపు రుద్దుతుంటే పాప కిక్కురుమనదు. కాని ముక్కుల చెవులల్ల నూనె చుక్కలు, ఛాతి పిసుకుడు, పసుపు కలిపిన నలుగు, ఆఖరికి కాటుక, ఇయన్ని ఉంటయి ఆమె లిస్టుల. నేను ముందే చెప్పిన, "అవ్వా, మాలిష్ నీ ఇష్టం, కాని చెవులు, ముక్కు, కండ్లు, బొడ్డు, వీటి జోలికి పోవద్దు, ఛాతి పిసకొద్దు" అని. "నీకు కూడ నేనే పోసిన బిడ్డా, నువ్వు మంచిగ లేవా?" అన్నది. "మంచిగున్న కాబట్టే నిన్ను పిలిచిన" అని నేనన్న, నవ్వింది, ఒప్పుకున్నది.

ముక్కుల పోసిన నూనె ఊపిరితిత్తులకు పోతే నిమోనియా వస్తది. పుట్టిన పిల్లల ఛాతి ఉబ్బుడు తల్లి హార్మోన్లతోని, మగపిల్లలకు కూడ ఉంటది, దానంతటదే పోతది, పిసికితే చీము పడ్తది. పసుపు పూస్తే కామెర్లు ఉన్నా కనపడవు, ఇది నాకు కూడ డాక్టర్ మేడం చెప్పేదాక తట్టలే. కొన్ని కాటుకలల్ల సీసం ఉంటది, అందుకే దిష్టిచుక్క అరికాలికి పెట్టినం. పౌడర్ కూడ బంద్, ఆ దుమ్ము పిల్లలు పీల్చుకుంటరు. మా ఆడబిడ్డ డెలివరీ అప్పుడు సర్కారు దవాఖానల ఇచ్చిన కేసీఆర్ కిట్ల పౌడర్ ఇచ్చిండ్రు కదా అని అత్తమ్మ అడిగింది, నేను మెల్లగ మాట మార్చిన.

ఊదు (సాంబ్రాణి పొగ) విషయంల మాత్రం అత్తమ్మ అస్సలు తగ్గలే. పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదు, నిప్పుల భయం వేరే. ఆఖరికి ఊదు దేవుని అర్రల పట్టుడు, పాప ఇంకో అర్రల పండుడు. అసలు మే నెల ఎండకు ఎంటికలు తువ్వాలతోని అద్దంగనే ఆరిపోతయి, ఊదు ఎందుకో నాకైతే సమజ్ కాలే.

నెల కావస్తుంటే పాప మాడు మీద పసుప్పచ్చ పొట్టు, నూనె జిడ్డుగ, ఎంటికల మొదలుకు అంటుకొని వచ్చింది. అమ్మ గోరుతోని గీకబోయింది, ఆపిన. అది మురికి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, పిల్లలకు మామూలే. స్నానానికి ముందు కొబ్బరినూనె పెట్టి కొద్దిసేపు ఆగి మెత్తటి బ్రష్‌తోని మెల్లగ దువ్వి, బేబీ షాంపూతోని కడిగేసుడు. పొట్టు దానంతటదే లేస్తే తీసినం, లేవకుంటే ఇడిసిపెట్టినం, కొన్ని వారాలకు పోయింది. ఎనుక దిక్కు ఎంటికలు ఊడినా భయపడకుండ్రి, మళ్లొస్తయి.

చెమటకాయలకు కాటన్ జబ్లా, గాలి. డైపర్ కాడ ఎర్రగైతే జింక్ ఆక్సైడ్ క్రీమ్. చీము పొక్కులు లేసినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకెక్కువ గానీ వచ్చినా ఇంటి వైద్యం పెట్టుకోవద్దు.

పుట్టెంటికలు సంక్రాంతి జాతరకు ఐలోని మల్లన్న (ఐనవోలు మల్లికార్జునస్వామి) కాడ తీస్తం. గుండు కొట్టిస్తే ఎంటికలు ఒత్తుగ ఏం రావు, అది మొక్కు. కొత్త బ్లేడ్ మాత్రం మేమే తీసుకపోతం, అత్తమ్మకు ఇప్పుడే చెప్పి పెట్టిన.