పావు సెకను దూరం

అమ్మ పల్లవి ఎత్తుకుంది. నేనూ గొంతు కలిపాను. రెండో ఆవర్తం, అంటే తాళం రెండో చుట్టు, దాటేసరికి పాట కాళ్లీడుస్తోంది. నాలుగో ఆవర్తంలో ఇద్దరం ఒకేసారి ఆపేశాం.

“ఒరేయ్, వెనకబడిపోతున్నావురా. తాళం వేసుకుంటూ పాడు” అంది అమ్మ.

“వేసుకుంటూనే పాడుతున్నానమ్మా. నువ్వే ఆగుతున్నావు.”

“నువ్వు అందుకుంటావని ఆగుతున్నాను. లేకపోతే నేనెందుకు ఆగుతానురా?”

ఇద్దరం చెప్పిందీ నిజమే. అమ్మ పాడిన స్వరం పావు సెకను తర్వాత నా చెవిన పడుతుంది. నేను దానితో సరిగ్గా కలిపే పాడతాను. నా గొంతు తిరిగి అమ్మ దగ్గరికి చేరడానికి ఇంకో పావు సెకను. అంటే అమ్మ చెవికి నేను అర సెకను ఆలస్యం. తోడు పాడేవాళ్లు వెనకబడితే కాస్త ఆగి కలుపుకుపోవడం అమ్మకు అలవాటు. ఆ ఆగడం నాకు వినిపించగానే నేనూ ఆగుతాను. ఒకరి కోసం ఒకరం ఆగీ ఆగీ, చివరికి కాలప్రమాణమే చచ్చిపోతుంది.

ఇదంతా నాకు ముందే తెలియాలి. దేశం కాని దేశం వచ్చి పన్నెండేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఇదే. ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే కాలింగ్ సాఫ్ట్‌వేర్‌లో గొంతు ఎలా వినిపిస్తోందో పరీక్షించే టీమ్‌లో పనిచేస్తాను. గొంతు ఎంత ఆలస్యంగా చేరిందో చూపే డిలే గ్రాఫులు రోజూ చూస్తాను. అయినా ఆ ఆదివారం తెల్లవారుజామున హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. గ్రాఫులో 250 మిల్లీసెకన్లు, అంటే పావు సెకను, అన్న అంకె వేరు, అది అమ్మ పాటకు అడ్డం పడటం వేరు.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక మిల్లీసెకనుకు సుమారు జానెడున్నర, 34 సెంటీమీటర్లు. ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని పాడేవాళ్ల మధ్య రెండు మూడు మిల్లీసెకన్లు ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం ఇద్దరిద్దరిని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, చప్పట్లతో ఒక లయ నడపమని చెప్పి, మధ్యలో ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూసింది. 2004లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆలస్యం పన్నెండు మిల్లీసెకన్ల లోపు ఉంటే లయ కాస్త పరుగెత్తుతుంది, అది దాటాక నెమ్మదించడం మొదలవుతుంది. అసలు ఆలస్యమే లేకపోతే జనం పరుగెత్తుతారన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మన మధ్య ఉండే ఆ కాస్త దూరమే లయను నిలబెడుతోందన్నమాట.

ఆ కాస్త దూరం ఎక్కడ, మాది ఎక్కడ! పావు సెకను అంటే గాలిలో 86 మీటర్లు. మైదానానికి ఆ చివర అమ్మ, ఈ చివర నేను నిలబడి కలిసి పాడుతున్నట్టు.

దీన్ని తగ్గించలేమా అని మా ఆఫీసులో కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ అడుగుతారు. కొంత తగ్గించవచ్చు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నాకూ అమ్మకూ మధ్య దాదాపు 13,000 కిలోమీటర్లు. సూటిగా ఒకే తీగ వేసినా 65 మిల్లీసెకన్లు పోయేవే. ఇక తీగ సూటిగా ఉండదు, సముద్రం అడుగున వంకర్లు తిరుగుతుంది. గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతాం. ముక్కలు ముందూ వెనకా వస్తాయి కాబట్టి అవతలి వైపు కాసేపు పోగుచేసి వరస పెడతాం. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అదొక్కటే వందకు పైగా కలుపుతుంది. అమ్మకు వైరు ఉన్న ఇయర్‌ఫోన్ పంపించాను. ఆ వంద తగ్గింది. సముద్రం మాత్రం ఎక్కడికీ పోలేదు.

మాటకైతే ఇంత ఆలస్యం పెద్ద లెక్క కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 అనే సిఫార్సులో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలా సంభాషణలకు ఇబ్బంది ఉండదని, 400 దాటకుండా చూసుకోవాలని రాసి ఉంది. నాకంటే ముందు తరంలో వలస వచ్చినవాళ్లు ఉపగ్రహం మీదుగా మాట్లాడారు. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తుకు మాట ఎక్కి దిగాలి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, “చెప్పు చెప్పు”, “లేదు, నువ్వే చెప్పు” అనడంలోనే నిమిషాలు కరిగిపోయేవని ఒక పెద్దాయన నాతో చెప్పాడు. 1988లో అట్లాంటిక్ అడుగున మొదటి ఆప్టికల్ ఫైబర్ కేబుల్ పడ్డాక ఆ అవస్థ క్రమంగా తగ్గుతూ వచ్చింది. మాట వంతులవారీగా సాగుతుంది, అందుకే ఓర్చుకుంటుంది. కలిసి పాడేటప్పుడు వంతులు ఉండవు కదా.

డిలే ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదేమో. నన్ను ఇంకా ఎక్కువ కదిలించినది శ్రుతి.

అమ్మ ఎప్పుడు పాడినా పక్కన ఎలక్ట్రానిక్ తంబురా పెట్టుకుంటుంది. కాల్‌లో అది మొదటి రెండు మూడు సెకన్లు వినిపించి, ఎవరో మెల్లగా తలుపు మూసినట్టు వినిపించకుండా పోయేది.

“శ్రుతి ఆపేశావేంటమ్మా?”

“ఆపడమేంట్రా, చెవి పక్కనే మోగుతోంటే!”

ఆపింది మా సాఫ్ట్‌వేర్. కాల్‌లో రొదను తీసేసే పద్ధతి పాతదే. స్టీవెన్ బోల్ అనే పరిశోధకుడు 1979లో ప్రచురించిన పద్ధతి ఇలా ఉంటుంది: మనిషి మాట్లాడని ఖాళీల్లో వెనక ఏ చప్పుడు నిలకడగా ఉందో అంచనా కట్టి, మొత్తం శబ్దంలోంచి దాన్ని తీసివేయడం. ఇప్పుడు ఆ పని ఉదాహరణలు విని నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు చేస్తున్నాయి, ఇంకా బాగా చేస్తున్నాయి. కానీ లోపల ఉన్న నమ్మకం మారలేదు: మారుతూ ఉండేది మాట, మారకుండా ఉండేది రొద. ఫ్యానూ అంతే, ఏసీ అంతే, తంబురా కూడా అంతే. పాటలో ఏది అన్నిటికీ ఆధారమో దాన్నే ముందు తుడిచేస్తోంది.

ఒక రికార్డింగు తీసుకుని మీటింగుకు వెళ్లాను. తంబురాతో పాడిన అసలు శబ్దం ఒకటి, కాల్‌లో అందింది ఒకటి. రెండోదానిలో గొంతు గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. చాలామందికి తేడా తెలియలేదు. “గొంతు ఇంకా శుభ్రంగా వినిపిస్తోంది కదా” అన్నారు. వాళ్లు పెరిగిన సంగీతంలో ఆధారం మారుతూ ఉంటుంది, ఒకే షడ్జం గంటసేపు మోగడం వాళ్ల చెవికి పరిచయం లేదు. అప్పుడు మూలన కూర్చున్న ఇంకో ఆయన చెయ్యెత్తాడు. ఆయనా నాలాగే మరో దేశం నుంచి వచ్చినవాడు. వాళ్ల నాన్న బ్యాగ్‌పైప్ వాయిస్తాడట. అందులోనూ రాగం కింద ఒకే స్వరం ఆగకుండా మోగుతుంది. “మా నాన్న కాల్ చేసి వాయిస్తే ఆ స్వరం పోతుంది. ఫోన్ పాతదై ఉంటుంది అనుకున్నాను” అన్నాడు. ఒకే గదిలో ఆరేళ్లు పనిచేశాం, ఈ మాట ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

గొంతు నాణ్యతకు మేం వేసే మార్కులు ఒకటి నుంచి అయిదు దాకా ఉంటాయి. మనుషులు విని వేస్తారు, ఆ మనుషులలా వినడం నేర్చుకున్న ప్రోగ్రాములూ వేస్తాయి. వాటికి వినిపించేవన్నీ చదివిన వాక్యాలు. మా పరీక్షా ఫైళ్లలో శ్రుతితో పాడిన ఆలాపన ఒక్కటీ లేదు. ఇప్పుడు ఒకటి ఉంది, అమ్మది. దాన్ని లోపలికి తీసుకురావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అనుమతి పత్రం మీద అమ్మ సంతకం పెట్టి పంపింది. నేను చేసిన పని మొత్తంలో నాకు గర్వంగా అనిపించేది అదే.

తర్వాత మా సాఫ్ట్‌వేర్‌లో సంగీతం కోసం ఒక ఆప్షన్ పెట్టారు. జూమ్‌లో “ఒరిజినల్ సౌండ్” అని ఉండేది కూడా ఇలాంటిదే, రొద తీసే పని ఆపుతుంది. మాది సెట్టింగుల్లో నాలుగు తెరల కింద ఉంది. అమ్మకు అది చూపించడానికి నలభై నిమిషాలు పట్టింది. శ్రుతి తిరిగి వినిపించిన క్షణంలో “వచ్చిందమ్మా” అని అరిచాను. ఆ రోజు ఇంకేం పాడలేదు, ఊరికే శ్రుతి వింటూ కూర్చున్నాను.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. దారిలో ఒక ముక్క తప్పిపోతే గొంతులో కన్నం పడుతుంది. ఆ కన్నాన్ని ఊహించి పూడ్చడం ఎప్పటినుంచో ఉంది. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే కోడెక్‌ను (గొంతును కుదించి పంపే పద్ధతిని) ఇంటర్నెట్ కాల్స్‌లో విరివిగా వాడుతున్నారు, 2024 మార్చిలో వచ్చిన 1.5 వెర్షన్‌లో ఈ పూడ్చే పనికి న్యూరల్ నెట్‌వర్కును చేర్చారు. మాటకు అది నిజంగా అద్భుతం. సిగ్నల్ అందీ అందని చోట నుంచి ఇంటికి ఫోన్ చేసే ఎంతోమంది కూలీల మాట ఇప్పుడు తెగకుండా చేరుతుందంటే ఇలాంటి పని వల్లే.

అలాంటి ప్రయోగం ఒకటి మా దగ్గర నడుస్తున్నప్పుడు అమ్మ పాటతో పరీక్షించాను. అమ్మ వైపు రికార్డు చేసింది, నాకు చేరింది, రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. ఒక చోట గాంధారం మీద అమ్మ గమకం ఊగుతుంది. నాకు చేరినదానిలో ఆ ఊపు మధ్యలో రెప్పపాటు సమం అయిపోయింది. మాటలు విని నేర్చుకున్న యంత్రం, అక్కడ గొంతు ఊగుతుందని ఎలా ఊహిస్తుంది? గొంతు అమ్మదే. ఆ రెప్పపాటు పాడింది అమ్మ కాదు. రెండు రోజులు మనసు కుదుట పడలేదు. చనిపోయిన గాయకుల గొంతులతో కొత్త పాటలు పుట్టించి పంచుకుంటున్న ఈ రోజుల్లో ఇంత చిన్నదానికి బాధపడాలా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ పెద్ద విషయం అర్థమైంది ఈ చిన్నదానితోనే.

మా టీమ్‌లో తెలివైన కుర్రాడొకడు ఉన్నాడు. నా బాధ విని నిజంగా సాయం చేద్దామనే ఒక దారి చెప్పాడు: అమ్మ పాటలన్నీ యంత్రానికి వినిపిస్తే, ఆమె రాబోయే పావు సెకనులో ఏం పాడుతుందో ముందే ఊహించి నాకు వినిపించవచ్చు, ఆలస్యం లేనట్టే ఉంటుంది. వద్దన్నాను. పాటలో ఒకే సంగతిని, అంటే ఒకే వరస మలుపును, అమ్మ రెండుసార్లు ఒకేలా పాడదు. ఎప్పుడో ఒకసారి, తనకే తెలియకుండా, ఎప్పుడూ పోని చోటికి పోయి దిగుతుంది. నేను తెల్లవారుజామున లేచి కూర్చునేది దాని కోసం.

2020లో లోకమంతా ఇళ్లలో ఉండిపోయినప్పుడు కలిసి పాడలేకపోవడం అందరికీ అనుభవమైంది. తెర మీద చిన్న చిన్న గళ్లలో ఒక్కో ముఖం, అందరూ కలిసి పాడుతున్నట్టు ఎన్నో వీడియోలు వచ్చాయి. అమెరికన్ స్వరకర్త ఎరిక్ విటాకర్ 2010లోనే 12 దేశాల నుంచి 185 మంది గొంతులతో అలాంటి బృందగానం చేశాడు. చూస్తే కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ గళ్లలో ఒక్కొక్కరూ తమ గదిలో ఒంటరిగా పాడారు, పక్కవాళ్ల గొంతు వాళ్లకు వినపడలేదు. కలపడం తర్వాత జరిగింది. స్టాన్‌ఫర్డ్‌లోనే పుట్టిన జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్ గొంతును కుదించకుండా, పోగుచెయ్యడం వీలైనంత తగ్గించి పంపుతుంది, కొన్ని వందల కిలోమీటర్ల లోపు నిజంగా కలిసి పాడవచ్చు. 13,000 కిలోమీటర్లకు అదీ చాలదు.

చివరికి మేం ఎంచుకున్న పద్ధతికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. అమ్మ పాడుతుంది. నేను మైక్ మ్యూట్ చేసి, వింటూ కలిసి పాడతాను. నా గొంతు అమ్మకు చేరదు కాబట్టి ఆమె ఎవరి కోసమూ ఆగదు. నా గదిలో మాత్రం మేమిద్దరం కచ్చితంగా కలిసే పాడుతున్నాం. దాదాపు ఏడాది ఇలా గడిచింది. ఆ ఏడాదంతా అమ్మ తన గదిలో ఒంటరిగా పాడింది.

ఒకసారి నా వైపు రెండు గొంతులూ రికార్డు చేసి పంపాను. మర్నాడు వాయిస్ మెసేజ్ వచ్చింది. “విన్నానురా. రెండో చరణంలో నీ శ్రుతి దిగింది. అయినా బాగుంది.” కాసేపు మౌనం. “వచ్చే వారం నువ్వు ముందు పాడు. నేను కలుస్తాను.”

ఆదివారం తంబురా నా పక్కన పెట్టుకున్నాను. అమ్మ మ్యూట్ నొక్కింది, సరిగ్గా నొక్కానా అని కనుబొమలెత్తి సైగతో అడిగింది. తలూపి పల్లవి ఎత్తుకున్నాను. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. తెర మీద అమ్మ పెదవులు కదలడం మొదలైంది, నా స్వరానికి అర సెకను వెనకగా, వెనకబడ్డట్టే. ఆగాలనిపించింది. ఆగలేదు. చూస్తే చెయ్యి తడబడుతుందని కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ, ఆవర్తం తర్వాత ఆవర్తం పాడుకుంటూ పోయాను.